రాజుగారి గురి తప్పిన శీతాకాలం

ముక్కుపుడకలు తూచే తరాజులోనే
మందూ తూచేవాడు మా నాన్న.
ఒక పళ్ళెంలో గురిగింజలు, రెండో దాంట్లో నల్లటి పొడి.
ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలమనేవాడు నన్ను.
దీపం గడప అవతల.
బీడీ చెవి మీద, వెలిగించకుండా.

కార్తీకం దాటి పరదలు దిగాయంటే
జంపన రంగరాజుగారి పాలేరు
కాట్రేనికోన నుంచి సైకిలు మీద
సంచెడు ఖాళీ తోటాలు తెచ్చేవాడు.
ఇత్తడివి, మసిపట్టినవి,
లోపల పేలిపోయిన ఉదయాల వాసన.

చింతపండు నీళ్ళలో నానబెట్టి తోమడం అమ్మ పని.
"చెంబులు తోమినట్టే," అనేది, "ఇవి మాత్రం నీళ్ళు తాగవు."
చచ్చిన టోపీని లోపల్నుంచి మేకుతో పొడిచి
బయటికి తియ్యడం నాన్న పని.
టక్. గచ్చు మీద రాలేది
పాలపన్నులా.

బిళ్ళలు కొట్టడం నాది.
గుండ్రటి ఉలి, తుమ్మమొద్దు, చేతిసుత్తి,
కింద పాత శుభలేఖలు.
దెబ్బకో బిళ్ళ:
"చి.ల.సౌ." ఒకటి, "సుముహూర్త" ఒకటి,
"బంధుమిత్ర సపరి" దగ్గర తెగిపోయింది ఇంకొకటి.
మందుకీ సీసానికీ మధ్య
ఎవరిదో పెళ్ళి అడ్డంగా పడుకునేది.

జామకర్రతో మెత్తగా కూరి, గుళ్ళు పోసి,
పైన ఇంకో బిళ్ళ మూసి, అంచున మైనం కరిగించి
బొటనవేలితో నొక్కేవాడు.
ప్రతి తోటా మూతి మీదా నాన్న వేలిముద్ర.
అది సంతకమని గానీ, సాక్ష్యమని గానీ
అప్పుడు మాకు తోచలేదు.

తుపాకీ ఎన్నడూ పట్టలేదు ఆయన.
మడల వైపు నుంచి మోత వినపడితే
పట్టుకారు ఆపి, లెక్కపెట్టుకునేవాడు.

ఆ ఏడు పుష్యంలో, మంచు విడవని పొద్దున,
రెల్లు కదిలింది. నీటికోడి అనుకున్నారు.
పీతల కోసం వంగిన
మల్లాడి సత్తియ్య కొడుకు ఏడుకొండలు.
చనిపోలేదు.
భుజంలో మూడు గుళ్ళు ఉండిపోయాయి,
మబ్బు పడితే సలుపుతాయంటాడు ఇప్పటికీ.
రాజుగారు ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నారు,
నావ ఒకటి కొనిచ్చారు.
వారం తిరక్కుండా
సంచి మళ్ళీ వచ్చింది.

రెండ్రోజులు ముట్టుకోలేదు దాన్ని.
మూడో రాత్రి అమ్మనడిగాడు,
"మినుములున్నాయా?"
"రుబ్బమంటావా?"
"వద్దు. అలాగే ఇయ్యి."

కాస్త కోలగా ఉంటాయి, అంతే.
బిళ్ళ మూశాక ఏ నలుపైనా నలుపే.
మైనం. బొటనవేలు.
నా శుభలేఖ ముక్క కింద
రేపటి గారెలు నాలుగు.

ఆ శీతాకాలమంతా గౌతమి పాయ మీద
మోతలకేం కొదవ లేదు.
పరదలు లేచేవి, ఓ చుట్టు తిరిగేవి, మళ్ళీ అక్కడే దిగేవి.
"గురి తప్పుతోందిరా సోమలింగం,
కళ్ళజోడు మార్చాలేమో."
"చలికండి, ఆయ్. వేళ్ళు కొంకర్లు పోతాయి."

గట్ల మీద మినపమొక్కలు మొలిచాయని చెప్తే
బాగుండును. మొలవలేదు.
చెల్లాచెదరైనవాటిని
బాతులే ఏరుకు తిన్నాయి.

అయినా, నలభై ఏళ్ళు తుపాకీ మోసిన చేతికి
సీసం బరువు తెలీదా?
ఆఖరి సంచికి పాలేర్ని పంపలేదు, ఆయనే వచ్చారు.
ఒక తోటా తీసి అరచేతిలో ఎగరేశారు.
ఇంకోసారి ఎగరేశారు.
నాన్న చెవి మీది బీడీ తీసి
మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

రాజుగారు కూలి ఎంతని అడిగి
సీసం ఖరీదు కూడా కలిపి లెక్కపెట్టారు.
వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ
వెనక్కి చూడకుండానే అన్నారు,
"వచ్చే ఏడు కూడా నువ్వే చేద్దువుగాని."